అమ్మ పిలవగలిగే పేరు

లింగంపల్లి స్టేషన్‌లో పేపరు చూశాను. నా నంబరు ఉంది. నమ్మకం కుదరక మళ్లీ చూశాను, మళ్లీ ఉంది. ఆ పేపరు నాది కాదు, చాయ్ బండి దగ్గర బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దాయనది. నేను ఎంతకీ తిరిగి ఇవ్వకపోయేసరికి ఆయన చెయ్యి చాపి, "ఇగ ఇయ్యి తమ్మీ, నేను జర సదువుకోవాలె" అన్నాడు.

"డిగ్రీ పాసైన" అన్నాను, ఆయన అడగకుండానే.

ఆయన నా మొహం చూసి నవ్వాడు. రిజల్టు ఉన్న పేజీని మడత మీద జాగ్రత్తగా చింపి నా చేతిలో పెట్టాడు. "ఎనక దిక్కు సినిమా బొమ్మలున్నయ్. ఏం ఫికర్ లేదు, తీస్కపో."

డెబ్బైల మొదట్లో సంగతి ఇది. మా ఇల్లు నల్లగండ్లలో. స్టేషన్ నుంచి ఊరికి సైకిల్ మీద వెళ్తూ ఆ రోజు నేను ఆగని చోటు లేదు. గేటు దగ్గర గేట్‌మ్యాన్‌కి చెప్పాను. మేకలు తోలుకొస్తున్న ముసలాయనకు చెప్పాను. ఆయన "డిగ్రీ అంటే ఎన్నో తరగతి?" అని అడిగితే సైకిల్ దిగి, వేళ్లు మడిచి మరీ లెక్క చెప్పాను. "అమ్మో! గన్నేండ్లు కూసున్నవా?" అన్నాడాయన జాలిగా. మా ఇంట్లో అప్పటివరకు సంతకం పెట్టడం వచ్చింది నాయిన ఒక్కడికే. అది కూడా ఆయన పెట్టేవాడు కాదు, గీసేవాడు. మడి గట్టు సరిచేస్తున్నంత నిదానంగా.

అమ్మ వాకిట్లో కూర్చుని తొక్కుకు మామిడికాయలు కోస్తోంది. పేజీ తీసి ఆమె ముందు పరిచాను.

"అమ్మా, పాసైన!"

ఆమె కత్తిపీట పక్కకు జరిపింది. చేతులు కొంగుకు తుడుచుకుని కాగితం మీదికి వంగింది. చదువు రాకపోయినా ఎంతో సేపు చూసింది.

"నీ పేరేది గిండ్ల?"

"పేర్లుండవమ్మా. నంబర్లుంటయ్. గిదే నాది."

"నంబరా?" ఆమె మొహం ఒక్కసారి విచ్చుకుంది. "నంబరైతే మంచిగైంది. నంబరు నేను అనొచ్చు. చెప్పు, ఒక్కొక్కటి చెప్పు."

ఒక్కొక్క అంకే చెప్పాను. ఆమె వెంట వెంట అంది. రెండోసారికే నోటికి వచ్చేసింది.

అమ్మకు అంత సంబరం ఎందుకో తెలియాలంటే ఒక సంగతి చెప్పాలి. నాకు పెట్టింది మా తాత పేరు, అంటే నాయిన వాళ్ల నాయిన పేరు. కోడలు మామ పేరు పలకకూడదు. మామ చనిపోయినా అంతే. ఆ పేరు కడుపున పుట్టినవాడికి పెట్టినా అంతే. అందుకని మా అమ్మ నన్ను పుట్టినప్పటి నుంచి ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. ఆ రోజుకు నాకు ఇరవై రెండేళ్లు.

గోడ అవతలి ఇంటామె అమ్మకు వరసకు వదిన. అమ్మ లేచి నిలబడి గోడ మీదుగా కేకేసింది.

"వదినా! మావోడు డిగ్రీ పాసైండు!"

"ఎవలు?" అని అటునుంచి.

"మావోడే."

"మీవోడంటె ఎవలమ్మా? పేరు చెప్తెగద ఎర్కయ్యేది."

"నీకు ఎర్క లేదా?"

"నాకెట్ల ఎర్క? నీకెందరు కొడుకులో ఏమో!"

"ఒక్కడే గదనే!"

"గా ఒక్కని పేరేందో చెప్పరాదు?"

ఆమె కావాలనే ఆడుకుంటోందని మా ముగ్గురికీ తెలుసు. ఈ ఆట ఇరవై రెండేళ్లుగా నడుస్తోంది. అమ్మ మామూలుగా అయితే నవ్వి వదిలేసేది. ఆ రోజు వదల్లేదు. నంబరు మొత్తం గడగడా అప్పజెప్పింది. అటువైపు నుంచి పడీపడీ నవ్వు. "నంబరు కొడుకా! మా ఇంట్ల బర్రెకు భి నంబరేసిన్రు దవాఖానోళ్లు!" అంది ఆమె.

అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వే చెప్పు బిడ్డా. ఆమె చెవుల వడేటట్టు చెప్పు."

నేను రోలు మీదికి ఎక్కి నిలబడి, రెండు చేతులూ నోటి పక్కన పెట్టుకుని, నా పేరు నేనే అరిచాను. ఫలానా నేను, డిగ్రీ పాసయ్యాను అని. డిగ్రీ పాసయిన మనిషి రోలెక్కి తన పేరు తానే చాటుకోవడం ఎక్కడైనా ఉందా? నాకు సిగ్గు కూడా వేయలేదు, అంత సంతోషంలో ఉన్నాను. ఒక్కటి మాత్రం గుర్తుంది. లోపల నాయినమ్మ చేటతో జొన్నలు చెరుగుతోంది. నేను పేరు అరవగానే చేట చప్పుడు ఆగిపోయింది. కాసేపటి దాకా మళ్లీ మొదలు కాలేదు.

అమ్మ నన్ను "పిలగా" అనేది, "బిడ్డా" అనేది, కోపం వస్తే "ఓ దొరా" అనేది. నాయినమ్మకు నా పేరు ఇంకా కష్టం, అది ఆమె భర్త పేరు కదా. ఆమె నన్ను "ఆయన పేరోడు" అనేది. "ఆయన పేరోడు అన్నం తిన్నడా?" అని అడిగేది. మా తాతకు దేవుడి పేరు పెట్టారు కాబట్టి అత్తాకోడళ్లకు ఆ దేవుడితోనూ చిక్కే. శనివారం భజనలో ఆ పేరు వచ్చేచోట ఇద్దరూ టక్కున నోరు మూసుకుని చప్పట్లు మాత్రం కొట్టేవాళ్లు. చిన్నప్పుడు నేను అది పాటలో ఉన్న పద్ధతే అనుకున్నాను. నేను కూడా అక్కడ ఆగేవాణ్ని.

బడిలో చేర్పించిన రోజు పంతులు కొత్తగా వచ్చినాయన. పేరేమిటమ్మా అని అడిగితే అమ్మ గోడ మీద క్యాలెండర్‌లో ఉన్న దేవుణ్ని చూపించింది. ఆయన లేచి దండం పెట్టి మళ్లీ కూర్చుని, "అది సరేనమ్మా, పిల్లవాడి పేరు?" అన్నాడు. ఆ సంగతి నాయిన చెప్పి చెప్పి నవ్వేవాడు.

జాతరలో జరిగింది మాత్రం ఎవరూ నవ్వుతూ చెప్పలేదు, చాలా ఏళ్ల దాకా. నాకు ఆరేళ్లు, చెల్లెకు మూడు. తెల్లాపూర్ దాటి ఎక్కడో జరిగే జాతరకు పోయాం. రంగులరాట్నం చూస్తూ నేను అమ్మ చెయ్యి వదిలేశాను. జనంలో నేను కనబడకపోయేసరికి అమ్మకు ప్రాణం పోయినంత పనైంది. అరవాలి. ఏమని అరవాలి? పిలగా అంటే జాతరంతా పిలగాళ్లే. నా పేరు నోటిదాకా వచ్చి ఉంటుందా, అని నేను తరవాత చాలాసార్లు అనుకున్నాను. వచ్చినా దాటలేదు. ఆమెకు ఆ క్షణంలో తోచింది చెల్లె పేరు. నా చెవికి తెలిసిన పేరు, తన గొంతులో నేను రోజూ వినే పేరు. ఆ పేరుతో జాతరంతా అరుచుకుంటూ తిరిగింది. చెల్లె ఏమో ఆమె చంకలోనే ఉంది. పిలిచినప్పుడల్లా "ఏందమ్మా?" అని పలుకుతూనే ఉంది.

నాకు అమ్మ గొంతు వినబడింది. వినబడి నేనేం చేశాను? అమ్మ దగ్గరికి పోలేదు. అయ్యో, చెల్లె తప్పిపోయిందే అని ఏడుస్తూ, చెల్లెను వెతకడానికి ఇంకా లోపలికి, జనంలోకి పోయాను. ఆమె ఒకవైపు వెతుకుతోంది, నేను ఇంకోవైపు వెతుకుతున్నాను. చివరికి గాజులమ్మే ఒకామె నా చెయ్యి పట్టుకుని "ఎవరి కోసం ఏడుస్తున్నవ్?" అంటే "మా చెల్లె తప్పిపోయింది" అన్నాను. పొద్దు వాలేలోపు దొరికాను అనుకోండి. అమ్మ నన్ను కొట్టలేదు. ఇంటికొచ్చి నాలుగు రోజులు నా అంగీ అంచు పట్టుకునే తిరిగింది.

డిగ్రీ చేతికొచ్చిన ఆ సంవత్సరమే నాకు పట్నంలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. పదిహేను రోజుల్లో చేరాలని ఆర్డరు. ఆర్డరు మీద నా పేరు ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. దాన్ని నాయిన అటూ ఇటూ తిప్పి చూసి, "మా నాయినకు నౌకరి వచ్చింది" అన్నాడు. నవ్వులాటకే అన్నాడు, కానీ నాకు వింతగా అనిపించింది. కష్టపడి చదివింది నేను. నౌకరి వచ్చింది తాతకా?

అప్పటికే నాకు ఒక అలవాటు ఉండేది. రైల్లో పేపరు దొరికితే చిన్న చిన్న ప్రకటనలు చదివేవాణ్ని. వాటిలో అప్పుడప్పుడూ కనబడేది: ఇంతవరకు ఫలానా పేరు గల నేను, నేటి నుండి ఫలానా అని పిలువబడుదును. ఎవరు వీళ్లు? ఎందుకు మార్చుకుంటారు? పాత పేరును ఏం చేస్తారు? పొద్దున లేవగానే కొత్త పేరు గుర్తుంటుందా? ఈ ప్రశ్నలు నన్ను లింగంపల్లి నుంచి నాంపల్లి దాకా సతాయించేవి. ఆర్డరు వచ్చిన మర్నాడు కోర్టు ఎదుట వేపచెట్టు కింద టైపు మిషన్లు పెట్టుకుని కూర్చునేవాళ్ల దగ్గరికి వెళ్లాను. అందులో ఒకాయన గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడినాయన. కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని ఉన్నాడు.

"పేరు ఎవరైనా మార్చుకోవచ్చా సార్?"

"ఎవరైనా మార్చుకోవచ్చండి. ఏమైనా నేరం చేశారా?"

"లేదండి."

"ఎవరమ్మాయినైనా లేవదీసుకుపోతున్నారా?"

"అయ్యో, లేదు సార్."

"అయితే ఏ ఇబ్బందీ లేదండి. పాత పేరు, కొత్త పేరు, కారణం. ఈ మూడూ చెప్పండి చాలు. నేను అఫిడవిట్ కొడతాను, నోటరీగారు ముద్రేస్తారు, మీరు పేపర్లో వేయించుకోండి, తరవాత గెజిట్‌కు పంపండి. ఉద్యోగంలో చేరుతున్నారా? అయితే సర్వీసు పుస్తకం తెరవకముందే ఈ కాగితం చూపించండి. ఒకసారి అందులో పేరెక్కిందంటే మీ జుట్టు తెల్లబడే దాకా తిరగాలండి." ఆయన వేళ్లు మీటల మీద పెట్టాడు. "ఊ, కొత్త పేరు?"

"ఇంకా అనుకోలేదు."

కళ్లజోడు నుదుటి మీంచి కళ్ల మీదికి దిగింది. "పేరు లేకుండా పేరు మార్చుకోవడానికి వచ్చారా? ఇన్నేళ్లలో మిమ్మల్నే చూశానండి."

అప్పుడు మొదలైంది నా వేట. ఒక మనిషి తనకు తాను పేరు పెట్టుకోవడం చెప్పుకునేంత సులువు కాదు. రైల్లో పక్కన కూర్చున్నవాళ్లకు రోజుకో పేరు చెప్పి చూశాను. ఒకరోజు రాజుల పేరు చెప్పాను. చెప్పగానే నా వీపు దానంతటదే నిటారైంది. మర్నాడు అప్పట్లో పట్నం పిల్లలు పెట్టుకునే చిన్న పేరు చెప్పాను. ఆ రోజంతా నేను గబగబా మాట్లాడాను, ఎందుకో. ఇంకోరోజు ఒక వీరుడి పేరు చెబితే ఎదురుగా ఆకుకూరల గంప పెట్టుకున్న ముసలమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"గా పేరు నీకు ఒప్పుతలేదు బిడ్డా. ఎవలు పెట్టిన్రు?"

"నేనే పెట్టుకున్న."

"గందుకే" అంది. "పేరు ఎప్పుడన్న ఒకలు పెట్టాలె. మన నెత్తి మనం గీక్కున్నట్టు గాదు."

ఆ మాట రైలు దిగినా నన్ను వదల్లేదు. అవును కదా, పెట్టేవాళ్లు ఒకరుండాలి. ఇంటికి పోగానే అమ్మ దగ్గర కూర్చున్నాను. ఆమె పొయ్యి ముందు జొన్నరొట్టె తడుతోంది.

"అమ్మా, నేను పేరు మార్చుకుంట."

రొట్టె మీద చెయ్యి ఆగింది. "ఎందుకు? ఎవలన్న ఏమన్న అన్నరా?"

"నువ్వు పిలువాలెనని."

"నేను పిలుస్తలేనా? పిలగా అంటె వస్తలెవ్వా ఇన్నేండ్లు?"

"పిలగా అంటె ఊర్లున్న పిలగాండ్లందరు వస్తరు. జాతర్ల ఏమైంది?"

జాతర మాట మేమిద్దరం ఎప్పుడూ ఎత్తేవాళ్లం కాదు. అమ్మ రొట్టెను పెనం మీద వేసి, దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఒక అంచు మాడింది కూడా. తరవాత, ఏదో దొంగసరుకు సంగతి అడుగుతున్నట్టు గొంతు తగ్గించింది.

"నిజంగ మారుస్తరా? సర్కారోళ్లు ఒప్పుకుంటరా?"

"ఒప్పుకుంటరు."

"ఏ పేరైనా?"

"ఏ పేరైనా."

"నువ్వు కడుపుల ఉన్నప్పుడు నేనొకటి అనుకున్న."

నేను కూర్చున్నచోట నుంచి లేచాను. ఇరవై రెండేళ్లుగా ఈ ఇంట్లో నాకు ఇంకో పేరు ఉందా! "ఏందమ్మా?"

"చెప్ప."

"చెప్పమ్మా!"

"చెప్ప. ఇరవై ఒకటో దినం నిన్ను తొట్టెల వేసిన్రు. మీ మేనత్త వచ్చి నీ చెవుల మూడుసార్లు పేరు చెప్పింది. నన్ను ఎవలు అడగలే. నేను భి అననే లేదు. ముందు మీ నాయినమ్మను అడుగు. ఆమె ఒద్దంటె ఇగ ఆ పేరు నా నోటికి రాదు. ఉత్తగ అని దాన్ని ఖరాబ్ చేసుకోను."

ఆమె మాట మీద ఆమె నిలబడుతుందని నాకు తెలుసు. ఇప్పుడు నా పేరూ, అమ్మ పిలుపూ, ఆ దాచుకున్న మాటా, మూడూ నాయినమ్మ చేతిలో ఉన్నాయి. నాయిన సంగతి అడిగితే ఆయన తువ్వాలు దులుపుకుంటూ లేచాడు. "నన్ను మధ్యల వెట్టకున్రి. ఆ పేరున్నందుకు నిన్ను ఇన్నేండ్లు తిట్టకుంట పెంచిన. తిడితె మా నాయినను తిట్టినట్టయితది. మార్చుకుంటె నాకే మంచిది, రేపటి నుంచి తిట్టుకోవచ్చు."

నాయినమ్మ చింతపండు గింజలు తీస్తోంది. నేను ఎదురుగా కూర్చుని రెండు గింజలు తీశాను, మూడోదానికి సంగతి చెప్పేశాను. ఏడుస్తుందనుకున్నాను. శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. ఆమె చెయ్యి ఆగలేదు. చింతపండు గింజలు ఒక్కొక్కటే గిన్నెలో పడుతున్నాయి.

"ఆ పేరు నీకెందుకు వెట్టమన్ననో ఎర్కేనా?" అంది చివరికి.

"తాత పేరు నిలవాలెనని."

"నిలవకుంటె ఏమైతది? పోయినోడు పోయిండు." గింజ గిన్నెలో వేసింది. "కాపురం చేసినన్ని దినాలు 'ఇగో', 'ఇంటున్నవా' అనుకుంటనే బతికిన. ఆయన ఉన్నన్నాళ్లు ఊరోళ్లు పిలిచేది, ఆయన దోస్తులు పిలిచేది, నేను ఇనేదాన్ని. ఆయన పోయినంక ఆ పేరు ఎవలు పిలుస్తరు? ఇల్లంత సప్పుడు లేదు. నేను పిలువ రాదు. నీకు పెడితె మీ నాయిన పిలుస్తడు, మీ అత్త పిలుస్తది, నీ సోపతిగాండ్లు పిలుస్తరు. ఏ మూలకన్న కూసోని ఇనొచ్చని పెట్టించిన."

చేట చప్పుడు ఎందుకు ఆగిందో అప్పుడు తెలిసింది.

"మొన్న రోలెక్కి అరిచినవ్ సూడు" అంది. "ఆయనను ఊరంత గట్ల ఎన్నడు పిలువలే."

"నేను మార్చుకోను నాయినమ్మా." నిజంగానే అన్నాను. లేచిపోబోయాను.

"కూసో. నేను ఒద్దన్ననా?" ఆమె నా మణికట్టు పట్టుకుంది. చింతపండు అంటుకుని జిగటగా ఉంది ఆమె చెయ్యి. కళ్లు చిన్నవి చేసి, ఏదో కొత్త లెక్క తగిలినట్టు నన్ను చూసింది. "గానీ, ఇంకో పేరు వెట్టుకుంటె అది ఆయన పేరు గాదు గదా?"

"కాదు."

"అయితె నేను భి పిలువొచ్చు నిన్ను?"

ఆ సంగతి నాకు తట్టనే లేదు. నా ఆలోచనంతా అమ్మ గురించే. "పిలువొచ్చు నాయినమ్మా."

"మరి గంత తెలివి ముందుగాల్ల లేదా నీకు, డిగ్రీలు సదివినవ్!" అని నా మోచేతి మీద ఒక్కటి వేసింది. తరవాత మళ్లీ మెత్తబడింది. "ఆయన పేరు ఎనకనన్న ఉండనియ్యి. ముందట ఏది ఉన్నా సరే. ఇప్పుడు ఒకపారి అను. గట్టిగ."

అన్నాను.

"ఇంకోపారి."

అన్నాను. మూడోసారి ఆమె అడగకుండానే అన్నాను. కళ్లు మూసుకుని వింది. తెరిచాక లోపలికి చూసి కేకేసింది. "ఓ పిల్లా! గాడ తలుపు సాటుకు నిలవడి ఇనుడు ఎందుకు, ఇటు రా. వాని చెవుల చెప్పు. మూడుసార్లు చెప్పాలె, నేను సూస్తుంట."

అమ్మ వచ్చింది. మీసాలు వచ్చిన కొడుకు చెవి దగ్గర వంగడానికి సిగ్గుపడి రెండుసార్లు వెనక్కి పోయింది. చెల్లె అప్పటికే తలుపు దగ్గర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. చివరికి అమ్మ నా చెవిలో ఆ పేరు చెప్పింది. మూడుసార్లు. ఆమె కొంగుకు పొయ్యి పొగ వాసన, జొన్నరొట్టె వాసన.

నేను గొప్ప పేరు ఏదో ఉంటుందనుకున్నాను. ఇరవై రెండేళ్లు దాచుకున్నదంటే దేవలోకం నుంచి దిగి ఉండాలి కదా! తీరా చూస్తే మామూలు పేరు. అప్పట్లో మా ఊళ్లోనే ఇద్దరికి ఉంది. నా మొహం చూసి అమ్మ నొచ్చుకుంది.

"మంచిగ లేదా?"

"మంచిగుంది. గానీ గిదే ఎందుకు?"

"నేను కొత్తగ కాపురానికి వచ్చినప్పుడు," అంది, "గుట్ట కింద కల్లం కాడ ఒకామె ఆమె కొడుకును గట్ల పిలుస్తుండేది, పొద్దుమూకే యాళ్లకు. ఆ పేరు గాలికి పోకపోయేది. గుట్టకు తాకి మల్ల వచ్చేది. ఎంత దూరమున్నా ఆ పిలగాడు ఉరికొచ్చేది. నాకు కొడుకు పుడితె గట్ల పిలువాల్నని అనుకున్న. గంతే."

పేరును అర్థం చూసి పెడతారు, నక్షత్రం చూసి పెడతారు, చనిపోయినవాళ్లను చూసి పెడతారు. మా అమ్మ దూరం చూసి పెట్టింది. ఎంత దూరం వినబడుతుందో చూసి. నేను రైల్లో అన్ని పేర్లు తొడిగి విప్పాను గానీ, ఏ ఒక్కటీ అరిచి చూడలేదు.

మర్నాడు వేపచెట్టు కింద టైపు ఆయన కొత్త పేరు కొట్టి, దాని వెనక పాత పేరు కొట్టి, "కారణం?" అన్నాడు.

"మా అమ్మ నన్ను పిలుచుకోవడానికి."

ఆయన చేతులు మీటల మీంచి తీసి నన్ను చూశాడు. సంగతంతా చెప్పాను. "అందరూ సొంత కారణాల వల్ల అని వేయించుకుంటారండి. అదే వేద్దాం. ఇలాంటివి రాస్తే నోటరీగారు నవ్వుతారు" అన్నాడు. కళ్లజోడు సర్దుకున్నాడు. "నవ్వితే నవ్వనీండి" అని తానే అనుకుని, నేను చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో కొట్టాడు. నోటరీ నవ్వలేదు. చదివి, ముద్ర వేసి, "ఆమెకు తెలుసా?" అని మాత్రం అడిగాడు. తెలుసన్నాను.

కాగితం వచ్చింది, పేపర్లో రెండు లైన్లూ పడ్డాయి. అయినా ఇంట్లో ఎవరూ నన్ను కొత్త పేరుతో పిలవలేదు. అమ్మ నోరు తెరిచేది, నన్ను చూసేది, "పిలగా, నీళ్లు తే" అనేది. నాయినమ్మ సంగతీ అంతే. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్లు. నాకు అనుమానం పట్టుకుంది. ఇంత చేసి, ఈ పేరు సర్కారు కాగితాల మీదే ఉండిపోతుందా? అమ్మ గొంతులోంచి అసలు వస్తుందా?

చేరాల్సిన సోమవారం పొద్దున తెల్ల చొక్కా వేసుకుని, టిఫిను పట్టుకుని బయల్దేరాను. సైకిల్ పంక్చరై ఉంది కాబట్టి నడక. ఊరు దాటి, గుట్ట పక్కన పొలాల గట్టు మీదుగా లింగంపల్లి దారి పట్టాను. ఇప్పుడు అక్కడ గుట్ట లేదు. దాన్ని పగలగొట్టి కట్టిన అపార్టుమెంట్లలో ఆఫీసుకు పోయే పిల్లలు ఉంటున్నారు. అప్పుడు మాత్రం అది మబ్బంత ఉండేది. నా తల నిండా ఆఫీసే. పై అధికారికి ఏమని నమస్కారం పెట్టాలి, సంతకం ఎలా పెట్టాలి అనుకుంటూ పోతున్నాను.

వెనక ఎక్కడో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. ఆ పేరు నా మీంచి పోయి గుట్టకు తాకి తిరిగి వచ్చింది. బాగుంది పిలుపు అనుకున్నాను. మళ్లీ పిలిచారు, మళ్లీ గుట్ట పలికింది. ఎవరి కొడుకో పాపం వినిపించుకోవడం లేదు అనుకుని నా దారిన నేను పోతూనే ఉన్నాను.

అప్పుడు అదే గొంతు మా చెల్లె పేరు పెట్టి పిలిచింది.

టక్కున వెనక్కి తిరిగాను. అమ్మ! గట్టు చివర నిలబడి ఉంది, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, ఒక చేత్తో కవరు ఊపుతూ. నా అఫిడవిట్ కవరు. గూట్లో పెట్టి మరిచిపోయాను. అది లేకుండా పోయి ఉంటే ఆ రోజు సర్వీసు పుస్తకంలో పాత పేరు ఎక్కేది. ఆమె వెనక చెల్లె, పొట్ట పట్టుకుని నవ్వుతూ, "ఏందమ్మా?" అని అంటోంది.

పరుగెత్తుకు పోయాను. అమ్మ ఆయాసపడుతోంది.

"నీ పేరు వెట్టి రెండుపార్లు పిలిస్తె రావు! ఇంకా దీని పేరే పిలువాల్నా నిన్ను?"

"నేననుకోలేదమ్మా. ఎవలనో అనుకున్న."

"ఎవలనో ఎందుకు పిలుస్త పొద్దుపొద్దున?" కవరు నా చేతిలో పెట్టి, చొక్కా జేబు సరిచేసింది.

"ఇంకోసారి పిలువు."

"ముంగట నిలవడ్డోన్ని పిలుస్తరా ఎవలన్న? పో, రైలెల్లిపోతది."

నడిచాను. పది అడుగులు, ఇరవై అడుగులు. వెనక్కి తిరగకూడదని బిగబట్టుకున్నాను. గట్టు మలుపు దగ్గర, వస్తుందో రాదో అనుకుంటుండగా, వచ్చింది. చివర బాగా సాగదీసి, గాలికి పోకుండా, నా పేరు. గుట్ట తిరిగి చెప్పేలోపే నేను "ఓ!" అన్నాను.